ఇంటిల్లిపాదికీ ఒకే టైప్-సీ చార్జర్: ఏది ఎక్కుతుంది, ఏది ఎక్కదు?

తెనాలి_తమ్ముడు • సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా హాల్లో స్విచ్‌బోర్డు దగ్గర ఎప్పుడూ ఐదు చార్జర్లు వేలాడుతుంటాయి. అమ్మ విసుక్కుంటోందని 65 వాట్ల టైప్-సీ చార్జర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు పోర్టులూ టైప్-సీయే. రెండు చివర్లా సీ పిన్ను ఉన్న కేబుల్ కూడా దానితోనే వచ్చింది. నాలుగు రోజులు వాడాక పరిస్థితి ఇదీ.

నా లాప్‌టాప్ ఒక్కదాన్నే పెడితే బాగానే ఎక్కుతోంది. పక్క పోర్టులో ఇంకేదైనా గుచ్చితే చాలు, చార్జింగ్ ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలై, 'స్లో చార్జర్' అని తెర మీద వస్తోంది. అక్క సామ్‌సంగ్ ఫోన్‌కి ముందున్న చార్జర్‌తో 'సూపర్ ఫాస్ట్ చార్జింగ్' అని వచ్చేది, ఇప్పుడు ఉత్త 'ఫాస్ట్ చార్జింగ్' అనే వస్తోంది. నా ఫోన్‌కి పెట్టెలోనే 80 వాట్ల చార్జర్ ఇచ్చారు. దానితో పొద్దున స్నానం చేసి టిఫిన్ తినేలోపు నిండిపోయేది, దీనితో గంటన్నర దాటుతోంది. అన్నిటికంటే వింత నాన్నగారి ట్రిమ్మర్. దానికీ టైప్-సీ పోర్టే ఉంది కానీ ఈ చార్జర్‌కి పెడితే లైటు కూడా వెలగదు.

65 వాట్లిచ్చే చార్జర్ ఐదు వాట్ల ట్రిమ్మర్‌కి చాలకపోవడమేంటి? వాపసు గడువు ఇంకా ఆరు రోజులుంది. పంపేయమంటారా?

సర్క్యూట్_కబుర్లు • సోమవారం, రాత్రి 9:40

తొందరపడకండి. మీరు చెప్పిన నాలుగింటికీ నాలుగు వేరువేరు కారణాలున్నట్టున్నాయి. చార్జర్ ఒంటి మీద చీమ తలకాయంత అక్షరాల్లో 'అవుట్‌పుట్' అని ఉంటుంది. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి, అక్కడున్నదంతా ఒక్క అంకె వదలకుండా ఇక్కడ రాయండి. కేబుల్ మీద ఏమైనా ఉంటే అదీ రాయండి.

తెనాలి_తమ్ముడు • సోమవారం, రాత్రి 9:58

ఒక్క పోర్టు వాడితే: 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 3, 12 వోల్టులు 3, 15 వోల్టులు 3, 20 వోల్టులు 3.25. రెండూ వాడితే: 45 వాట్లు + 20 వాట్లు. అంతే ఉంది. కేబుల్ మీద ఏమీ లేదు.

సర్క్యూట్_కబుర్లు • సోమవారం, రాత్రి 10:35

సగం జవాబు మీరే రాసేశారు.

ముందు లాప్‌టాప్ సంగతి. 65 అనేది ఒక్క పోర్టు వాడినప్పటి మాట. రెండో దాంట్లో ఏది గుచ్చినా, అది చిన్న ఇయర్‌బడ్సే అయినా సరే, చార్జర్ తన శక్తిని 45, 20గా పంచేసుకుంటుంది. పంచాలంటే మొదటి పోర్టుతో కుదిరిన ఒప్పందాన్ని రద్దు చేసి మళ్లీ మాట్లాడుకోవాలి, ఆ క్షణం ఆగేది అందుకే. 65 కావాల్సిన లాప్‌టాప్‌కి 45 వస్తే అది 'స్లో చార్జర్' అంటుంది. పాడవదు. బరువైన పని చేయనంత సేపు బ్యాటరీ నెమ్మదిగా నిండుతూనే ఉంటుంది.

రెండోది కేబుల్. యూఎస్‌బీ పవర్ డెలివరీ, అంటే మనం పీడీ అనేది, అందులో మామూలు సీ-టు-సీ కేబుల్‌కి 3 ఆంపియర్లే హద్దు. 20 వోల్టులను 3తో గుణిస్తే 60 వాట్లు. అంతకు మించాలంటే కేబుల్ పిన్నులో ఈ-మార్కర్ అనే చిన్న చిప్ ఉండాలి. 'నేను 5 ఆంపియర్లు మోయగలను' అని అది చార్జర్‌కి చెప్పుకుంటుంది. చెప్పే చిప్ లేకపోతే పద్ధతిగా తయారైన చార్జర్ 3 దాటదు. మీ కేబుల్ మీద ఏ గుర్తూ లేదు కాబట్టి మీ 65లో ఐదు వాట్లు అక్కడే ఆగిపోతూ ఉండవచ్చు. మీకది పెద్ద నష్టం కాదు. 100 వాట్ల లాప్‌టాప్ వాళ్లకి మాత్రం ఇది చాలా ముఖ్యం.

మూడోది సామ్‌సంగ్. మీ జాబితాలో 'పీపీఎస్' అనే మాట లేదు చూశారా? దాని గురించి బెజవాడ_అమ్మాయి గారు బాగా చెప్పగలరు, గతేడాది ఇదే వేదికలో మీటర్ పెట్టి మరీ కొలిచారు.

ఓరుగల్లు_రిపేర్ • సోమవారం, రాత్రి 11:05

ట్రిమ్మర్ సంగతి నేను చెప్త తమ్మీ. నా దుకాణంల ఇది రోజూ చూసే యవ్వారమే. బ్లూటూత్ స్పీకర్లు, టార్చిలైట్లు, మెడకేసుకునే ఫ్యాన్లు, అన్నీ గిట్లనే వస్తయి. 'అన్నా, పోర్ట్ పోయింది' అంటరు. పోర్ట్ మంచిగనే ఉంటది.

పాత ఏ రకం పోర్ట్ ఉంది కదా, వెడల్పుగ, దీర్ఘచతురస్రంగ ఉండేది. అండ్ల ఎప్పుడూ 5 వోల్టులు ఉంటయి, ఏది పెట్టినా ఇస్తది. సీ పోర్ట్ గట్ల కాదు. అవుతల ఎవరన్న ఉన్నరా లేరా అని ముందు చూసుకుంటది, ఉన్నరంటెనే కరెంటు ఇడుస్తది. ఉన్నమని చెప్పనీకి వస్తువు లోపల రెండు రెసిస్టర్లు ఉండాలె, ఒక్కొక్కటి 5.1 కిలో ఓములు, అవుతలిది కనిపెట్టే రెండు సీసీ పిన్నులకు రెండు. వాటి ఖరీదు పైసలల్లనే ఉంటది. గవి కూడా మిగుల్చుకుని సీ పోర్ట్ ఒక్కటి అతికిచ్చి అమ్ముతున్నరు. నీ చార్జర్‌కి అవుతల ట్రిమ్మర్ ఉన్నట్టే తెల్వది, ఇంక కరెంటు ఎట్ల ఇస్తది?

పాత 5 వోల్టుల చార్జర్, ఏ-టు-సీ కేబుల్ పెట్టి చూడు. టక్కున ఎక్కుతది.

తెనాలి_తమ్ముడు • మంగళవారం, ఉదయం 6:50

అన్నా, ఎక్కింది! పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్ తాలూకు చార్జర్‌కి ఏ-టు-సీ కేబుల్ తగిలిస్తే లైటు వెలిగింది. ట్రిమ్మర్ పోయిందనుకుని నాన్నగారు నాలుగు రోజుల నుంచి మంగలి షాపుకి వెళ్తున్నారు. కొత్త చార్జర్‌తోనే ఎక్కించే దారి ఏమీ లేదా?

ఓరుగల్లు_రిపేర్ • మంగళవారం, ఉదయం 10:20

ఉంది. ఫోన్‌కి పెన్‌డ్రైవ్ పెట్టనీకి ఓటీజీ ముక్క ఉంటది చూడు, ఒక దిక్కు సీ పిన్ను, ఇంకో దిక్కు ఏ రంధ్రం. దాన్ని కొత్త చార్జర్‌ల గుచ్చు, అండ్ల ఏ-టు-సీ కేబుల్ పెట్టు. ఆ ముక్కలనే 5.1 రెసిస్టర్ ఉంటది, చార్జర్ దాన్ని చూసి 5 వోల్టులు ఇడుస్తది.

దీనికి ఉల్టా ముక్క కూడా బజార్ల దొరుకుతది. ఏ పిన్ను, సీ రంధ్రం. దాని జోలికి పోకు.

సర్క్యూట్_కబుర్లు • మంగళవారం, ఉదయం 10:45

ఆ ఉల్టా అడాప్టర్‌ని యూఎస్‌బీ నియమావళి అసలు ఒప్పుకోదు. దానితో రెండు ఏ పోర్టులను ఎదురెదురుగా కలిపేసి, రెండు వైపుల నుంచీ కరెంటు ఢీకొట్టేలా చేయొచ్చు.

రెండు రెసిస్టర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ తొలి బోర్డుల్లో రెండు సీసీ పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. మామూలు కేబుల్‌తో నడిచేది, ఈ-మార్కర్ ఉన్న ఖరీదైన కేబుల్ పెడితే ఆ బోర్డు హెడ్‌సెట్ లాంటి వస్తువనుకుని చార్జర్ కరెంటు ఇచ్చేది కాదు. తరువాతి బోర్డుల్లో సరిచేశారు. అనుభవమున్న ఇంజినీర్లే పొరబడ్డ చోటు అది. కానీ తెలిసీ రెసిస్టర్ తీసేసే ట్రిమ్మర్ల వాళ్లను చూస్తే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. వస్తువు బాగానే ఉన్నా పాడైందనుకుని జనం పారేస్తున్నారు.

బెజవాడ_అమ్మాయి • మంగళవారం, మధ్యాహ్నం 1:15

పీపీఎస్ గురించి చెప్తాను. మామూలు పీడీలో మెట్లుంటాయి: 5, 9, 15, 20 వోల్టులు. ఫోన్ 9 తీసుకుంటే, బ్యాటరీకి కావాల్సిన నాలుగు చిల్లర వోల్టులకు దాన్ని ఫోనే తన లోపల దించుకోవాలి. ఆ దించే పనిలో వేడి పుడుతుంది. పీపీఎస్‌లో మెట్లుండవు. '8.42 ఇవ్వు, ఇప్పుడు 8.44 ఇవ్వు' అంటూ 20 మిల్లీవోల్టుల చొప్పున ఫోన్ అడుగుతుంటే చార్జర్ ఇస్తూ పోతుంది. దించే భారం చాలావరకు చార్జర్ మీదికి పోతుంది, ఫోన్ చల్లగా ఉంటుంది. 2017లో పీడీ 3.0కి దీన్ని చేర్చారు.

సామ్‌సంగ్ 25 వాట్ల 'సూపర్ ఫాస్ట్'కి ఈ పీపీఎస్ తప్పనిసరి. లేకపోతే 9 వోల్టుల మామూలు ఫాస్ట్ చార్జింగ్‌తో సరిపెట్టుకుంటుంది. మీ అక్కయ్య ఫోన్‌లో జరిగేది ఇదే. చార్జర్ 65 అయినా 100 అయినా తేడా ఉండదు. ఇక 45 వాట్లు తీసుకునే మోడళ్లకైతే 10 వోల్టుల దగ్గర 4.5 ఆంపియర్లు ఇవ్వగల పీపీఎస్ ఉండాలి, పైగా 5 ఆంపియర్ల కేబుల్ కూడా ఉండాలి. రెండింట్లో ఏది లేకున్నా 25కి దిగిపోతుంది.

నా దగ్గర చిన్న యూఎస్‌బీ మీటర్ ఉంది. 25 వాట్ల ఫోన్‌ని పీపీఎస్ చార్జర్‌కి పెట్టి చూస్తే, 20 శాతం దగ్గర 23 వాట్ల దాకా తీసుకుంది, 80 దాటాక 10 లోపుకి వచ్చేసింది. ఎంత మంచి చార్జర్ కొన్నా ఆ చివరి 20 శాతం నెమ్మదే. లిథియం బ్యాటరీ నిండే పద్ధతే అంత.

సబ్‌స్టేషన్_మాస్టారు • మంగళవారం, సాయంత్రం 5:30

బాబూ, నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇదంతా చదివాక నాకొక భయం పట్టుకుంది. నా ఫోన్ పాతది, 15 వాట్లది. మా అబ్బాయి లాప్‌టాప్ చార్జర్ 65 వాట్లది, దానికే పెట్టుకోమంటాడు. 20 వోల్టులు ఇచ్చే చార్జర్‌కి నా ఫోన్ తగిలిస్తే మాడిపోదా? లైన్ల మీద వోల్టేజీ పొరపాటైతే ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ణి.

సర్క్యూట్_కబుర్లు • మంగళవారం, సాయంత్రం 6:10

మాస్టారూ, మీ భయంలో అర్థముంది. ఇంటి సాకెట్‌లోనైతే 230 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, మనమేం పెట్టామో అది అడగదు. పీడీ అలా కాదండీ. బంతి భోజనాల్లో వడ్డన అనుకోండి. వడ్డించేవాడు గంపెడన్నం తెచ్చినా ముందు పెట్టేది ఒక ముద్దే, అదే 5 వోల్టులు. తరువాత 'నా దగ్గర ఇవి ఉన్నాయి' అని చెప్తాడు. విస్తరి ముందు కూర్చున్నవాడు అడిగింది, అడిగినంతే వడ్డిస్తాడు. మీ ఫోన్ అడగనిదే 20 వోల్టులు రావు. అసలు పీడీ భాష తెలియని ఫోన్ అయితే 5 దగ్గరే ఉండిపోతుంది. 65 అనేది చార్జర్ ఇవ్వగల గరిష్ఠం, ఫోన్‌లోకి తోసేది కాదు.

అయితే ఇదంతా నియమం ప్రకారం తయారైన వాటి సంగతి. 2016లో గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియుంగ్ ఆన్‌లైన్‌లో దొరికే సీ కేబుళ్లను ఒక్కొక్కటే పరీక్షిస్తుంటే, ఒక కేబుల్‌లో పాజిటివ్, గ్రౌండ్ తీగలు తారుమారై ఉన్నాయి. గుచ్చగానే ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్ లాప్‌టాప్ పాడైపోయింది. ఆ తరువాతే అమెజాన్ నియమాలకు లొంగని సీ కేబుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. కాబట్టి భయపడాల్సింది వాట్లకు కాదండీ, ఊరూపేరూ లేని సరుకుకి.

సబ్‌స్టేషన్_మాస్టారు • మంగళవారం, రాత్రి 8:00

బాగా చెప్పావు బాబూ, ఇప్పుడు బోధపడింది. ఇలా చూస్తే ఇది మా లైన్ల లెక్కే. సన్నని, పొడవైన కేబుల్‌కి రానూపోనూ 0.3 ఓము నిరోధం ఉందనుకుందాం. 2 ఆంపియర్లు పారితే 0.6 వోల్టు కేబుల్‌లోనే పోతుంది. 5 వోల్టుల్లో అది ఎనిమిదో వంతు, 20 వోల్టుల్లో అయితే ముప్పై మూడో వంతు. 132 కేవీ, 220 కేవీ, 400 కేవీ అంటూ మేము వోల్టేజీ పెంచుకుంటూ పోయింది ఇందుకే. కరెంటు తక్కువగా ఉంటే నష్టం తక్కువ. పీడీ వాళ్లు పట్టుకున్నదీ ఆ సూత్రమే. మరి ఆ అబ్బాయి 80 వాట్ల ఫోన్ సంగతేమిటి? ఎవరూ చెప్పలేదే.

సర్క్యూట్_కబుర్లు • మంగళవారం, రాత్రి 8:45

సరిగ్గా అక్కడే దారులు వేరయ్యాయి మాస్టారూ. పీడీ వాళ్లు వోల్టేజీ పెంచితే, ఒప్పో 2014లో తెచ్చిన వూక్ పద్ధతి కరెంటు పెంచింది. మొదట్లో 5 వోల్టులు, 4 ఆంపియర్లు. తరువాత సూపర్‌వూక్‌లో 65 వాట్లంటే 10 వోల్టులు, 6.5 ఆంపియర్లు. 80 అంటే 11 వోల్టులు, 7.3. పీడీ కేబుల్ 5 ఆంపియర్లు దాటదు కాబట్టి, వీళ్లకు సొంతంగా లావు తీగల కేబుల్ కావాలి, సొంత చార్జర్ కావాలి, వాటి మధ్య సొంత భాష కావాలి. దించే పని చార్జర్‌లోనే జరుగుతుంది కనుక ఫోన్ అంతగా వేడెక్కదు, అది మంచి ఆలోచనే. చిక్కల్లా ఆ భాష మిగతా చార్జర్లకు రాకపోవడం.

తమ్ముడూ, మీ ఫోన్, చార్జర్ రెండూ మంచివే, కానీ ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చింది కొద్దిపాటి పీడీ మాత్రమే. అది ఎన్ని వాట్లన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. ఆ 80 వాట్ల చార్జర్‌ని, దాని కేబుల్‌ని పారేయకండి. ఆ వేగం ఇంకెక్కడా రాదు. ఇంకో మాట, ఇలాంటి కొన్ని చార్జర్లలో పీడీ కూడా ఉంటుంది. వన్‌ప్లస్ వాళ్ల 65 వాట్ల వార్ప్ చార్జర్‌లో 45 వాట్ల పీడీ ఉండేది. మీదాని చిన్నక్షరాలూ చదవండి.

మ్యూనిక్_నుంచి • బుధవారం, తెల్లవారుజామున 2:20

ఇక్కడి సంగతి ఒకటి కలుపుతాను. 2024 డిసెంబరు 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా అమ్మకానికి వచ్చే ఫోన్లు, టాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లు, స్పీకర్లకు టైప్-సీ తప్పనిసరి. లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి. చాలామంది దీన్ని 'ఐఫోన్‌కి సీ పోర్టు తెప్పించిన చట్టం' అనే అనుకుంటారు (ఐఫోన్ 15 చట్టం గడువుకి ముందే, 2023 సెప్టెంబరులోనే సీకి మారింది). కానీ మన చర్చకి పనికొచ్చే వాక్యం అందులో ఇంకోటుంది. 5 వోల్టులకో, 3 ఆంపియర్లకో, 15 వాట్లకో మించి చార్జింగ్ తీసుకునే వస్తువు ఏదైనా పీడీని అర్థం చేసుకోవాలి. సొంత పద్ధతి ఎంతైనా పెట్టుకోవచ్చు, దానివల్ల పీడీకి అడ్డు రాకూడదు.

పెట్టె మీద చిన్న బొమ్మలో రెండు అంకెలు కూడా వేయాలి: కనీసం ఇన్ని వాట్లు, గరిష్ఠ వేగానికి ఇన్ని వాట్లు, పక్కన పీడీ ఉందో లేదో. ఈ బొమ్మ మన దగ్గరా ఉంటే మీ అక్కయ్య ఫోన్ సగం చిక్కు దుకాణంలోనే తీరేదని నా నమ్మకం. పీపీఎస్ సంగతి మాత్రం ఆ బొమ్మలోనూ ఉండదు, అది నాకు అసంతృప్తే.

బెజవాడ_అమ్మాయి • బుధవారం, ఉదయం 9:05

మన భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా టైప్-సీ ప్రమాణాన్ని ఐఎస్/ఐఈసీ 62680-1-3 పేరుతో తీసుకుంది, 2023 జనవరిలో ప్రకటించారు. అది పోర్టు, ప్లగ్గు, కేబుల్ వరకే.

తమ్ముడూ, కొత్తది కొంటే మాత్రం చార్జర్ మీద 'ఐఎస్' అని మొదలయ్యే ప్రమాణం గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు అన్నది వస్తుంది. రాకపోయినా, వేరే పేరు వచ్చినా కొనొద్దు. ఇంకోటి, ఎండాకాలం మా ఊళ్లో మధ్యాహ్నం 'సూపర్ ఫాస్ట్' అని ఉన్నా మీటర్ 12 వాట్లు దాటదు. ఫోన్ తనంతట తానే తగ్గించుకుంటుంది. కవర్ తీసి, ఫ్యాన్ కింద పెట్టి ఎక్కించండి. బ్యాటరీని తినేసేది వేడే.

తెనాలి_తమ్ముడు • బుధవారం, రాత్రి 9:30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ చార్జర్ తప్పేమీ లేదని అర్థమైంది, అయినా పీపీఎస్ లేదు కాబట్టి వాపసు పెట్టేశాను. ఇప్పుడు ఒకటి చూస్తున్నాను: 65 వాట్లు, రెండు సీ పోర్టులు, ఒక ఏ పోర్టు. 'పీపీఎస్ 3.3–11 వోల్టులు 5 ఆంపియర్లు, 3.3–21 వోల్టులు 3.25 ఆంపియర్లు' అని రాసుంది. దీనితో పాటు '240 వాట్లు' అని ముద్ర ఉన్న కేబుల్. తీసుకోవచ్చా? ఆ కేబుల్‌తో లాప్‌టాప్‌ని మానిటర్‌కి కూడా కలుపుకుందామనుకుంటున్నాను.

సర్క్యూట్_కబుర్లు • బుధవారం, రాత్రి 10:00

చార్జర్ తీసుకోండి. అక్కయ్య ఫోన్‌కి 25 వాట్లూ వస్తాయి, రేపు 45 వాట్ల ఫోన్ కొన్నా పనికొస్తుంది. ఆ ఏ పోర్టు ట్రిమ్మర్‌కి సరిగ్గా సరిపోతుంది. రెండు పోర్టులు ఒకేసారి వాడితే ఎలా పంచుతుందో ఆ లైను కూడా చదివి కొనండి.

కేబుల్ దగ్గర ఆగండి. 240 అనేది 2021లో వచ్చిన పీడీ 3.1 తాలూకు అంకె, 48 వోల్టులు, 5 ఆంపియర్లు. కరెంటు మోయడానికీ డేటా మోయడానికీ సంబంధం లేదు. 240 వాట్ల కేబుళ్లలో చాలావాటి డేటా వేగం 480 మెగాబిట్లే, అంటే పాత యూఎస్‌బీ 2.0. వాటితో మానిటర్ బొమ్మ రాదు. చార్జింగ్‌కి అది వాడుకోండి, మానిటర్‌కి 40 గిగాబిట్లు అని రాసున్న పొట్టి కేబుల్ వేరే తీసుకోండి.

తెనాలి_తమ్ముడు • ఆదివారం, ఉదయం 11:15

వచ్చింది. అక్క ఫోన్‌లో మళ్లీ 'సూపర్ ఫాస్ట్' కనిపించింది. 22 శాతం నుంచి 70కి అరగంట పైన కొద్ది నిమిషాలు పట్టింది. లాప్‌టాప్‌తో పాటు ఫోన్ పెడితే 45కి తగ్గుతోంది, రాత్రిపూట పెడుతున్నాను కాబట్టి ఇబ్బంది లేదు. నా ఫోన్‌కి 80 వాట్లది పడగ్గదిలో ఉంచేశాను. ట్రిమ్మర్ ఏ పోర్టు నుంచి ఎక్కుతోంది. నాన్నగారు ఆ ఏ-టు-సీ కేబుల్‌కి తెల్ల టేపు చుట్టి 'ట్రిమ్మర్' అని పెన్నుతో రాశారు, ఇంకెవరూ తీయకుండా. స్విచ్‌బోర్డు దగ్గర ఇప్పుడు ఒక్కటే ఉంది.

మాస్టారూ, మీరు మీ అబ్బాయి చార్జర్‌కి పెట్టి చూశారా?

సబ్‌స్టేషన్_మాస్టారు • ఆదివారం, మధ్యాహ్నం 12:40

పెట్టాను బాబూ. మొదటిరోజు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని చేత్తో తాకి చూస్తూ ఉన్నాను. గోరువెచ్చగా కూడా కాలేదు. మీటర్ ఎక్కడ దొరుకుతుందో ఆ అమ్మాయి చెబితే నేనూ ఒకటి తెచ్చుకుంటాను.

ఓరుగల్లు_రిపేర్ • ఆదివారం, మధ్యాహ్నం 1:05

తమ్మీ, ఎప్పుడన్న వరంగల్ దిక్కు వస్తే నాన్న ట్రిమ్మర్ పట్కరా. లోపల సీసీ పిన్నులు బోర్డు దాకా వచ్చి ఉంటే రెండు రెసిస్టర్లు ఏసిస్త. టేపు చుట్టిన కేబుల్ అక్కర లేకుంట అయితది.